తెల్ల తుండు మీద మరక

పోయిన వారం ముద్దుకృష్ణను బాగేపల్లి బస్టాండులో వదిలిపెట్టాం. ఆదివారం పొద్దున ఏడు గంటల బస్సు కోసం నిలబడి ఉన్నాడు. భుజాన తన గురువు చంద్రప్ప ఖాకీ సంచీ. ఒక పక్క, ఎవరూ పిలవకపోయినా ఉతికిన చీర కట్టుకుని బయల్దేరిన తల్లి మునివెంకటమ్మ. ఇంకో పక్క, కుంటికాలు చాచుకోవడానికి బస్సులో చోటు దొరుకుతుందో లేదోనని అప్పటికే గొణుగుతున్న చంద్రప్ప. ముగ్గురూ చిక్కబళ్ళాపురం పోతున్నది ఒక తుండుగుడ్డ మీద మరక గురించి మాట్లాడడానికి.

ఆ మరక పడి ఐదు వారాలైంది. ఫిబ్రవరి నెలలో చింతామణి మైదానంలో కబడ్డీ లీగు ఫైనలు జరిగింది. ఒకవైపు చింతామణి వినాయక సంఘం, ఇంకోవైపు బాగేపల్లి గెళెయర బళగ, అంటే స్నేహితుల సంఘం. బాగేపల్లి కెప్టెన్ ముద్దుకృష్ణ తొడను తాను మూడుసార్లు పట్టుకుంటే మూడుసార్లూ జారిపోయిందని విరామంలో చింతామణి కెప్టెన్ రామాంజినప్ప ఫిర్యాదు చేశాడు. కొత్త తెల్ల తుండు తెప్పించి అందరి ముందూ తుడిచారు. తుండు మీద నూనె మరక పడింది. కూతకు పోయేవాడు ఒంటికి నూనె పూసుకోవడం కబడ్డీలో దొంగతనం కిందే లెక్క. కప్పు చింతామణికి పోయింది. ముద్దుకృష్ణకు మూడేళ్ళ పాటు ఆట పోయింది.

తాను పూసుకోలేదని ముద్దుకృష్ణకు తెలుసు. కాబట్టి రామాంజినప్పే తుండుకు ముందుగా నూనె రాసి ఉంచాడని నమ్మాడు. ఐదు వారాలుగా ఆ నమ్మకం మీదే అన్నం తింటున్నాడు, దాని మీదే నిద్రపోతున్నాడు. ఆ నమ్మకంతోనే అర్జీ రాశాడు. ఆ అర్జీ మీదే ఈరోజు విచారణ.

కథలోకి పోయే ముందు ఈ లీగు గురించి కొంచెం చెప్పాలి. చిక్కబళ్ళాపురం, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి, గుడిబండ, గౌరిబిదనూరు, ఈ ఆరు ఊళ్ళ సంఘాలు కలిసి పెట్టుకున్నది. పేరులో అమెచ్యూర్ అని ఉంది. అంటే ఎవరికీ జీతం లేదని. బస్సులో నిలబడి పోవాలి, ఆడి మోచేతులు చీల్చుకోవాలి, నిలబడే తిరిగి రావాలి. ఊరికే ఆడేవాళ్ళకే పంతాలెక్కువని ఈ లీగును చూశాకే నాకు తెలిసింది. పట్టుగూళ్ళ సంత జోరుగా ఉన్న రోజుల్లో శిడ్లఘట్టవాళ్ళు ఆటకు రారు, రాలేదని పాయింట్లు తీసేస్తే మాత్రం కొట్లాటకు వస్తారు. గుడిబండవాళ్ళు ఏనాడూ ఏడుగురు రారు. ఆరుగురితో ఆడి ఓడిపోయి, ఏడోవాడు ఉంటే గెలిచేవాళ్ళమని ఏడాదంతా చెప్పుకుంటారు.

ఒకరి మీద ఒకరికి ఇంత నమ్మకం ఉన్నవాళ్ళు గనుకే తుండు పరీక్ష పెట్టుకున్నారు. ఆట మొదలయ్యే ముందు ఒక సంఘం కెప్టెన్ ఇంకో సంఘం ఆటగాళ్ళ తొడలూ చేతులూ కొత్త తుండుతో తుడవాలి. మరక లేకపోతే ఇద్దరు కెప్టెన్లూ తుండు అంచు మీద సిరాతో సంతకాలు పెట్టాలి. ఆనాడు చింతామణిలో ముద్దుకృష్ణ తొడలు తుడిచింది రామాంజినప్పే. ఆ మొదటి తుండు తెల్లగానే ఉంది. విరామంలో తుడిచిన రెండో తుండు మీద మరక పడింది. పరీక్ష అయ్యాక దొంగచాటుగా పూసుకున్నాడని లోకం తేల్చేసింది. తల్లితో పాటు నూనె మిల్లులో పనిచేసేవాడి గురించి ఆ మాట నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు.

చిక్కబళ్ళాపురం హైస్కూలులో ఎనిమిదో తరగతి గదిలో సభ పెట్టారు. పదకొండు గంటలకే గది వేడెక్కింది. అధ్యక్షుడు గంగాధరప్ప ఆ బడిలోనే హెడ్‌మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరు చెప్పినా చివరిదాకా వింటాడు, విన్నాక ఎవరి పక్షమూ తీసుకోడు. ఆరు ఊళ్ళవాళ్ళూ ఆయన్ని ఒప్పుకున్నది అందుకే. ఆయన పక్కన కార్యదర్శి వాసుదేవ శెట్టి కూర్చున్నాడు. చింతామణిలో బట్టల వ్యాపారం. లీగుకు తుండ్లు ఇచ్చేది ఆయన అంగడి నుంచే. ఎదుటి బెంచీలో ఒక కొసన రామాంజినప్ప, ఇంకో కొసన చంద్రప్ప, ముద్దుకృష్ణ. సంచీ ముద్దుకృష్ణ ఒళ్ళో ఉంది.

ఆ సంచీ తొమ్మిదేళ్ళుగా అతడే మోస్తున్నాడు. తండ్రి పోయిన ఏడాది, పదిహేనేళ్ళవాణ్ణి తల్లి తీసుకొచ్చి చంద్రప్పకు అప్పగించింది. చంద్రప్పకు బాగేపల్లిలో సైకిళ్ళ అంగడి. ఒకప్పుడు మంచి ఆటగాడు, మోకాలు విరిగి ఆట మానాడు. పద్దెనిమిదేళ్ళ కిందట సంత మైదానం వెనక రాళ్ళు ఏరి, ఎర్రమట్టి తోలి, చేత్తో గీతలు గీసి సంఘం పెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే తనకు ఏడుగురు కొడుకులున్నారు, ఇంకా పెళ్ళెందుకని నవ్వేవాడు. ఆట రోజు, తుండు పరీక్ష అయ్యాక, గీత దగ్గర నిలబడి ఒక్కొక్కడి రెండు తొడలూ ఫెళ్ళుమనేలా చరిచి లోపలికి పంపడం ఆయన అలవాటు. కెప్టెన్‌తో మొదలుపెడతాడు. చంద్రప్ప దెబ్బ పడకపోతే కూత నిలవదని బాగేపల్లి పిల్లలు గట్టిగా నమ్ముతారు. మిగతా ఊళ్ళవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత వాళ్ళ పెద్దలతో వాళ్ళూ కొట్టించుకోవడం మొదలుపెట్టారు.

మునివెంకటమ్మ గదిలోకి రావడం చూసి వాసుదేవ శెట్టి మొహం ముడుచుకున్నాడు. లీగు సభకు ఆడవాళ్ళు వచ్చింది లేదని, సభ్యులు కానివాళ్ళు కూర్చోరాదని అన్నాడు. గంగాధరప్ప మాత్రం, ఇంతదూరం వచ్చింది, వెనక బెంచీలో కూర్చోనీ, మాట్లాడకుంటే సరి అన్నాడు. ఆమె వెనక బెంచీలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఇరవై ఆరేళ్ళు శెనక్కాయ నూనె మిల్లులో పొట్టు దుమ్ము పీల్చిన గొంతు అది. నాలుగు మాటలకొకసారి దగ్గు వస్తుంది. కొడుక్కు ఆ దగ్గు రాకూడదన్నది ఆమెకున్న ఒకే ఒక కోరిక.

ఆ కోరిక తీరే దారి గంగాధరప్ప ముందు, ఇంకా అతికించని ఒక కవరులో ఉంది. దావణగెరెలో రాష్ట్ర పోటీలకు కోలారు జిల్లా జట్టు పేర్లవి. పన్నెండు గీతలు, పదకొండు పేర్లు. పన్నెండో గీత ఖాళీ. రైల్వేవాళ్ళు వచ్చి కూర్చుని ఆటగాళ్ళను ఏరుకునేది ఆ పోటీల్లోనే. కవరు రేపు పొద్దున పోస్టులో పడాలి. ముద్దుకృష్ణకు ఇరవై నాలుగేళ్ళు. ఈ మూడేళ్ళు గడిస్తే ఇరవై ఏడు. ఆ వయసులో అతణ్ణి రైల్వేవాళ్ళు కాదుగదా, గుడిబండవాళ్ళు కూడా అడగరు. ఆ గీత మీద పేరు పడాలి, లేదంటే జన్మంతా తల్లి పక్కనే మిల్లులో నిలబడాలి.

వాసుదేవ శెట్టి ముందుగా పన్నెండో నియమం చదివాడు. కన్నడంలో చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. ఆటగాడు నూనె పూసుకుంటే అతడికి మూడేళ్ళు నిషేధం. అతడికి తెలియకుండా సంఘం పెద్ద ఎవరైనా పూసినట్టు తేలితే ఆటగాడి తప్పు లేదు, అతడి పేరు జిల్లాకు పంపవచ్చు, కానీ సంఘం మొత్తం మూడేళ్ళు లీగు బయట ఉండాలి. ఎదుటి సంఘం కుట్ర అని తేలితే ఆ సంఘానికీ అదే శిక్ష. చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, ముద్దుకృష్ణ చెప్పుకోవచ్చన్నాడు.

ముద్దుకృష్ణ ఐదు వారాల నుంచి మనసులో వల్లె వేసుకున్నదంతా చెప్పాడు. తుడిచింది రామాంజినప్ప. ఫిర్యాదు చేసింది రామాంజినప్ప. కప్పు తీసుకుపోయిందీ రామాంజినప్పే. తుండు ఎవరి చేతిలో ఉంటే మరక వాళ్ళదేనని, ఒక నూనె మిల్లు కూలివాడి మీద నింద వేస్తే అది అంటుకుంటుందని తెలిసే వేశారని అన్నాడు. 

రామాంజినప్ప చింతామణి దగ్గరి బట్లహళ్ళి రైతు. మాట తక్కువ మనిషి. అధ్యక్షుడి వైపు చూడలేదు, తిన్నగా ముద్దుకృష్ణ మొహంలోకే చూశాడు.

"కప్పు మా ఊర్లో ఉండాది, నిజమే. దాన్ని చూసినోడల్లా నవ్వుతాండాడు. రామాంజినప్ప పట్టుతో గెలవలేదు, తుండుతో గెలిచినాడంటాండారు. మా మామే నలుగురిలో అన్నాడు. నీ తొడ నా చేతిలో జారింది కాబట్టి జారిందని చెప్పినా. నూనె నేనే రాసుంటే గెలిచినానన్న సుఖమన్నా నాకు దక్కాల కదా ముద్దుకృష్ణా. అదీ దక్కలేదు."

ఆ మాటల్లో అబద్ధం ఎక్కడుందా అని ముద్దుకృష్ణ వెతికాడు. దొరకలేదు. దొరకనందుకు కోపం ఇంకా పెరిగింది.

వాసుదేవ శెట్టి అందుకున్నాడు. రెండో తుండు తన అంగడి కట్టలోంచి తానే తీశానని, మడత తానే విప్పానని, విప్పి రెండువైపులా తిప్పి చూపించాకే రామాంజినప్ప చేతికిచ్చానని చెప్పాడు. బట్టల వ్యాపారికి తన బట్టకు మరక ఉందో లేదో తెలియదా అని అడిగాడు. "నా మాట నమ్మొద్దు. అప్పుడు నా పక్కన నిలబడిండింది మీ చంద్రప్పే. ఆయప్పనే అడుగు," అన్నాడు.

అందరూ చంద్రప్ప వైపు తిరిగారు. చంద్రప్ప నేల చూస్తూ, అవును, తుండు కొత్తదే, మరక లేదు అన్నాడు.

ముద్దుకృష్ణకు మొదట అర్థం కాలేదు. ఐదు వారాలు. సైకిళ్ళ అంగడి ముందు కూర్చుని ప్రతి సాయంత్రమూ తాను రామాంజినప్పను తిట్టడం, చంద్రప్ప ట్యూబుకు అతుకు వేస్తూ తల ఊపడం. తుండు కొత్తదని, తాను కళ్ళారా చూశానని ఒక్కరోజు కూడా ఆ నోటి నుంచి రాలేదు. అర్జీ రాసినప్పుడు కూడా పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దాడే తప్ప ఆ మాట చెప్పలేదు. ఒక తప్పుడు నింద మోస్తున్నవాడు ఇంకొకరి మీద తప్పుడు నింద వేస్తుంటే చంద్రప్ప చూస్తూ ఊరుకున్నాడు. ఎందుకు? ముద్దుకృష్ణ ఆ ప్రశ్న అడగడానికి నోరు తెరిచాడు. అంతలో వెనక బెంచీ కిర్రుమంది.

మునివెంకటమ్మ లేచి నిలబడింది. దగ్గు ఆగేదాకా ఆగి, ఆ తుండును ఒకసారి వాసన చూడనిస్తారా అని అడిగింది.

వాసుదేవ శెట్టి వద్దన్నాడు. ముద్దుకృష్ణే తల్లి సంగతి చెప్పాడు. మిల్లులో డబ్బాకు మూత అతికించే ముందు వాసన చూసేది ఆమే. ఏ గానుగలో ఆడింది, కాయ పాతదా కొత్తదా, ఏ నూనెలో ఏం కలిసింది, ముక్కు దగ్గర పెట్టుకుని చెప్పేస్తుంది. మిల్లు యజమాని ఆమె మాట మీదే డబ్బాలు పంపుతాడు. కూలి మాత్రం అందరితో సమానంగానే ఇస్తాడనుకోండి. గంగాధరప్ప విని, అది సాక్ష్యమే గదా, చూడనీ అన్నాడు.

ఆనాడే తుండును కాగితంలో చుట్టి, దారం కట్టి, సంతకాలు పెట్టి దాచిన పొట్లం తెచ్చి విప్పారు. కాగితం, దారం, సంతకాలు అన్నీ సరిగా ఉన్నాయి. ఐదు వారాలు మూసి ఉన్న వాసన గదిలోకి వచ్చింది. తుండు మధ్యలో అరచేయంత పచ్చని మరక, దాని పక్కన ఇంకొకటి. మునివెంకటమ్మ తుండును రెండు చేతులా అందుకుంది. ముక్కు దాకా తీసుకుపోయి ఒక్కసారే పీల్చింది. రెండోసారి పీల్చలేదు. మొహంలో ఏ మార్పూ లేదు. తుండును పాత మడతల్లోనే మడిచి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి అలాగే ఉంచింది.

"ఇది మా మిల్లు నూనె కాదు సామీ. శెనక్కాయ నూనె కానేకాదు," అంది.

అయితే ఏ నూనె అని వాసుదేవ శెట్టి అడిగాడు. ఆమె చంద్రప్ప వైపు తిరిగింది.

"చంద్రప్పా, నీ మోకాలు ఎట్లుండాదప్పా?"

ఇదేం ప్రశ్న, ఇప్పుడు మోకాలి మాట ఎందుకని వాసుదేవ శెట్టి విసుక్కున్నాడు. చంద్రప్ప బెంచీ కింద చాచిన కాలును మెల్లగా దగ్గరికి లాక్కున్నాడు.

"బాగుండాదమ్మా. నొప్పేమీ లేదు. నూనె రాసేది మానేసే ఏండ్లయింది."

ఆయన్ను ఎవరూ నూనె గురించి అడగలేదు.

ఈ జవాబు గదిలో మిగతావాళ్ళకు ఒక ముసలాయన మోకాలి ముచ్చట. ముద్దుకృష్ణకు మాత్రం అది అబద్ధమని తెలుసు. ఈరోజు పొద్దున పేరేసంద్రలో బస్సు ఆగినప్పుడు, సంచీలోంచి సీసా తీయమని చంద్రప్ప అడిగాడు. ముద్దుకృష్ణే తీసి మూత విప్పి ఇచ్చాడు. చంద్రప్ప పంచె ఎగదీసి మోకాలికి పట్టించాడు. తల్లి పక్క సీట్లోనే ఉంది. ఆ నూనె ఆమె కాచిందే. ఏటా ఉగాదికి ఆముదంలో వావిలాకు, వెల్లుల్లి వేసి కాచి, సీసాలో పోసి, నా కొడుకును చూసుకుంటున్నావని చంద్రప్ప చేతిలో పెడుతుంది. తొమ్మిదేళ్ళుగా పెడుతోంది. గదిలో ఉన్న వాసనలో సగం తుండుది కాదు, చంద్రప్ప మోకాలిది. ఆ తేడా తెలిసిన ముక్కు ఆ గదిలో ఒకటే ఉంది.

చింతామణిలో ఆ రోజు జరిగినదంతా ముద్దుకృష్ణకు వరసగా గుర్తొచ్చింది. బస్సులో కుదుపులకు చంద్రప్ప మోకాలు పట్టేసింది. తుండు పరీక్ష అయిపోయింది. చింతామణివాళ్ళు సంతకాల కోసం సిరా వెతుకుతున్నారు. చంద్రప్ప సీసా అడిగాడు. తానే ఇచ్చాడు. చంద్రప్ప అరచేతిలో నూనె పోసుకుని మోకాలు రుద్దుకుంటుండగానే విజిల్ ఊదారు. చంద్రప్ప కుంటుకుంటూ గీత దగ్గరికి వచ్చాడు. మొదటి దెబ్బ కెప్టెన్‌కే. కుడి తొడ మీద ఒకటి, ఎడమ తొడ మీద ఒకటి. ఆ దెబ్బ కోసం తాను కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. అరచేతిలో ఉన్నదంతా అతడి తొడలకే అంటింది. తర్వాతి ఆరుగురికీ అంటడానికి ఏమీ మిగల్లేదు.

ఒంటికి ఎవరు తగిలారు, ఎవరు ఏం పూశారు అని ఐదు వారాలు తల పగలగొట్టుకున్నాడు. మంచినీళ్ళు ఇచ్చినవాణ్ణి అనుమానించాడు, చొక్కా పట్టుకున్నవాణ్ణి అనుమానించాడు. చంద్రప్ప దెబ్బ గుర్తుకే రాలేదు. అది దీవెన. దీవెనను అనుమానించాలని ఎవరికి తోస్తుంది?

అంతవరకైతే పొరపాటే. ముసలాయన నొప్పితో చేసిన పొరపాటు. ముద్దుకృష్ణ దాన్ని ఆ క్షణంలోనే క్షమించి ఉండేవాడు, కాళ్ళు కూడా పట్టేవాడు. కానీ విరామంలో తుండు మీద మరక పడినప్పుడు చంద్రప్ప తన అరచేతిని పంచెకు గట్టిగా తుడుచుకోవడం అతడు చూశాడు. అప్పుడు చెమట అనుకున్నాడు. ఆ తర్వాత, మా సంఘానికి సంబంధం లేదు, ఆటగాడే చేసుకున్నాడని రాసిన కాగితం మీద చంద్రప్ప సంతకం పెట్టాడు. సంఘం పేరు కాపాడడానికి వేరే దారి లేదురా అంటే తాను తల ఊపాడు. ఆయనకు అప్పుడే తెలుసు. ఒక కొడుకును ఇచ్చేసి ఇల్లు నిలుపుకున్నాడు. ఆ కొడుకుకు ఆ సంగతి చెప్పకుండా, ప్రతి సాయంత్రమూ ఎదురుగా కూర్చుని తల ఊపాడు.

గంగాధరప్ప మునివెంకటమ్మనే చూస్తున్నాడు. ఏ నూనె అన్నది చెప్పాలమ్మా అని మెత్తగా అడిగాడు.

"ఆముదం సామీ. వావిలాకు, వెల్లుల్లి ఏసి కాచింది. మా ఇంట్లో నేనే కాచినా."

వాసుదేవ శెట్టి వెంటనే కలం తీశాడు. రామాంజినప్ప కూడా బెంచీ మీద ముందుకు వంగాడు. మీ ఇంట్లో కాచిందే అయితే నీ కొడుకు ఒంటికి ఎక్కడి నుంచి వచ్చిందో వేరే చెప్పాలా అని వాసుదేవ శెట్టి అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కాచి ఇంకొకరికి ఇచ్చానని, కొడుక్కు ఇవ్వలేదని చెప్పింది. ఎవరికిచ్చావని గంగాధరప్ప అడిగాడు.

"తొమ్మిదేండ్లు నా కొడుక్కి అన్నం పెట్టిన మనిషి. ఆ పేరు నా నోటితో చెప్పను. ఆ మనిషే చెప్పాల. చెప్తాడనే వచ్చినా."

అని, తుండు మీద చెయ్యి తీయకుండానే ఎదురుచూసింది. ఆమె చంద్రప్ప వైపు చూడలేదు. చూస్తే ఆయనకు చెప్పడం కష్టమవుతుందని అనుకుందో ఏమో. ఇలాంటి మర్యాదలే మనుషుల్ని ముంచుతాయి. ఆమె ఇంకొక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

చంద్రప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

 వాసుదేవ శెట్టి ఇక ఆగలేదు. పేరు చెప్పకపోతే ఊహలు రాసుకోలేనని, తాను రాసుకునేది ఒకటేనన్నాడు. మరక నూనె ఆటగాడి ఇంట్లోదేనని తల్లే ఒప్పుకుంది, అర్జీ కొట్టివేయవచ్చు. ఆ మాటలే కాగితం మీద రాశాడు. చదివి వినిపించాడు. మునివెంకటమ్మకు దగ్గు తెర వచ్చింది. నిజం చెప్పి కొడుకును గట్టెక్కిద్దామని వచ్చిన మనిషి తన నోటితోనే వాణ్ణి దొంగను చేసిందని ఆమెకు అప్పుడు తెలిసింది. బల్ల అంచు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

గంగాధరప్ప కవరు దగ్గరికి లాక్కున్నాడు. ఇంకేమైనా చెప్పేది ఉందా అని అందరినీ కలిపి అడిగాడు. పన్నెండో గీత మీద గుడిబండ అబ్బాయి పేరు రాయాల్సి ఉంటుందని కూడా అన్నాడు, బాధగానే.

అప్పుడు చంద్రప్ప లేచాడు. మోకాలు పట్టేసి రెండోసారికి గానీ లేవలేకపోయాడు. బాగేపల్లి బస్సు పన్నెండు గంటలకు ఉందని, తాము బయల్దేరతామని అధ్యక్షుడికి దండం పెట్టాడు. ముద్దుకృష్ణ వైపు తిరిగి చెయ్యి చాపాడు.

"ఆ సంచీ ఇట్లియ్యిరా. పోదాం."

సంచీలో విజిల్, గీతలు గీసే తాడు, రెండు కట్టుగుడ్డలు ఉన్నాయి. అన్నిటికీ అడుగున సీసా ఉంది. ఖాకీ బట్ట మీదుగా దాని మెడ ముద్దుకృష్ణ అరచేతికి తగులుతోంది. తీసి బల్ల మీద తుండు పక్కన పెడితే చాలు, ఒక్క మాట కూడా అక్కర్లేదు. తల్లి ముక్కు అక్కర్లేదు, గంగాధరప్ప ముక్కే చాలు. పన్నెండో గీత మీద పేరు పడుతుంది. తల్లి మాట నిలబడుతుంది. బాగేపల్లి సంఘం మూడేళ్ళు పోతుంది. తనతో ఆడే లక్ష్మణప్ప, మునికృష్ణప్ప, నిన్న సాయంత్రం కూడా అన్నా నువ్వు గెలిచి రా అని భుజం తట్టిన మిగతావాళ్ళూ ఎర్రమట్టి పక్కన కూర్చోవాలి. వాళ్ళెవరూ ఏ తప్పూ చేయలేదు. తానూ చేయలేదు.

తీయకపోతే, ఆ సంచీ భుజానేసుకుని, ఇదే మనిషి వెనకాల, పన్నెండు గంటల బస్సు ఎక్కాలి.

తొమ్మిదేళ్ళలో చంద్రప్ప ఆ సంచీని రెండోసారి అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. చెయ్యి చాపకముందే ముద్దుకృష్ణ అందించేవాడు. ఇప్పుడు కదలలేదు. చాపిన అరచేతినే చూస్తున్నాడు. పొద్దున బస్సులో రాసుకున్న నూనె గీతల్లో ఇంకా మెరుస్తోంది. గంగాధరప్ప కూడా కళ్ళజోడు సర్దుకుని అటే చూశాడు.

చంద్రప్ప చెయ్యి వెనక్కి తీసుకోలేదు. గొంతు మాత్రం మారింది. తొమ్మిదేళ్ళుగా రా అని తప్ప పిలవని మనిషి ఇప్పుడు బతిమాలినట్టు పిలిచాడు.

"సంచీ ఇయ్యప్పా," అని రెండోసారి అడిగాడు.